సాఫ్ట్ అన్న మాట, నా పరీక్ష పాఠం

నాకు ఐదారేళ్ళ వయసులో గొంతు వాచింది. మింగుడు పడేది కాదు, ఊపిరి సరిగా ఆడేది కాదు. పిల్ల దక్కదని ఇంట్లో ఆశ వదులుకున్నారట. దక్కాను గాని, గొంతు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. మాట స్పష్టంగానే వచ్చేది. కాకపోతే పక్కన కూర్చున్నవాళ్ళకు తప్ప వినబడేది కాదు. గట్టిగా అనబోతే మాట మధ్యలోనే చిరిగిపోయి, గాలి మాత్రమే బయటికి వచ్చేది.

మాది జమ్మలమడుగు. మగ్గాల వీధి. తెల్లవారింది మొదలు దీపాల వేళ దాకా ఇంటింటా మగ్గంలో పోగు మోసే నాడె ఇటూ అటూ పరుగెత్తే చప్పుడే. అంత చప్పుడులో నా మాట ఎవరి చెవిన పడుతుంది? నాయనతో ఏదన్నా చెప్పాలంటే మగ్గం గుంట పక్కన కూర్చుని ఆయన మోచేయి తాకేదాన్ని. ఆయన నాడె ఆపి, నా వైపు వంగి, "చెప్పు పాపా" అనేవాడు. మా అవ్వ అట్లా కాదు. ఆమెకు చెవుడు మొదలైంది. నేను పెదవులు కదిపితే చాలు, సగం అర్థం చేసుకుని సగం తనే కల్పించుకుని జవాబు చెప్పేది.

నేను స్కూలు ఫైనలు పాసయ్యాను. మా వీధిలో అంతదాకా చదివిన ఆడపిల్ల లేదు. తరువాత ఏం చేయాలన్న మాట వచ్చినప్పుడు, టీచరు ట్రైనింగుకు పోతానని నేనే అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. బడిలో నాకు నచ్చినంతగా ఇంకెక్కడా నచ్చలేదు, అంతే. మా పెదనాయనకు ఆ మాట వినగానే నవ్వొచ్చింది.

"గొంతే లేని పిల్ల పాఠమేం చెప్తాదప్పా? నలభై మంది పిల్లోళ్ళు అరుస్తాంటే ఈ పాప మాట ఎవడింటాడు?" అన్నాడు.

నాయన పడుగు సరిచేసుకుంటూ తలెత్తకుండా జవాబిచ్చాడు. "అరిసేదానికి టముకోడు ఉండాడు గదన్నా. మా పాప పాఠం చెప్తాది."

అట్లా నేను కర్నూలు చేరాను. అప్పటికి ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలుకు వచ్చి ఏడాది దాటి ఉంటుంది. ఊరంతా గుడారాలు. కచేరీలు గుడారాల్లో, గుమాస్తాలు గుడారాల్లో, వాళ్ళ వంటలు కూడా గుడారాల్లోనే. ఎండాకాలపు గాలి లేచిందంటే కాగితాలు ఒక గుడారంలోంచి ఎగిరి ఇంకో గుడారంలో పడేవి. మా ట్రైనింగు స్కూలు పాత రాతి కట్టడం. దాన్ని ఆనుకునే మోడల్ స్కూలు. అక్కడి పిల్లలకు మేము పాఠాలు చెప్పి నేర్చుకోవాలి. హాస్టలు గదిలో నాతో పాటు ఆదోని పిల్ల ఉండేది. పత్తి యాపారం చేసే ఇంటి బిడ్డ. ఆమె నోరు విప్పితే వీధి చివరి గుడారంలో గుమాస్తా కూడా తల ఎత్తి చూసేవాడు. దేవుడు నా గొంతు కూడా ఆమెకే ఇచ్చాడని హాస్టల్లో అందరూ నవ్వేవాళ్ళు. మేమిద్దరం మొదటి వారంలోనే స్నేహితులమైపోయాం.

మాకు పాఠం చెప్పే పద్ధతులు నేర్పే ఇంగ్లీషు టీచరు మద్రాసులో చదువుకున్న ఆమె. ఎప్పుడూ తెల్ల చీర, మోచేతుల దాకా రవిక. మాట తక్కువ. నేను మోడల్ స్కూల్లో మొదటిసారి పాఠం చెప్పిన రోజు ఆమె వెనక గోడకు ఆనుకుని నిలబడి చూసింది. ముందు వరస పిల్లలు వింటున్నారు. వెనక వరసలో ఆడపిల్లలు గచ్చకాయలాట మొదలుపెట్టారు. మగపిల్లలు ఒకరి టోపీ ఒకరు లాక్కుంటున్నారు. గంట కొట్టాక ఆమె నా దగ్గరికి వచ్చి, ఇంగ్లీషులో, "టూ సాఫ్ట్" అని వెళ్ళిపోయింది.

నాకు ఆ మాట ఒక్క అర్థంలోనే తెలుసు. బడిలో చదివిన మొదటి ఇంగ్లీషు వాచకంలో పిల్లి బొచ్చు సాఫ్ట్, దూది సాఫ్ట్. కాబట్టి మెచ్చుకుందనే అనుకున్నాను. హాస్టలుకు పోయి ఆదోని పిల్లతో గొప్పగా చెప్పాను.

"అయివారమ్మ నన్ను సాఫ్ట్ అన్నాది మే."

ఆమె దువ్వెన పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "ముందు టూ అన్నాదా లేదా?"

"అన్నాది."

"అయ్యో పిచ్చిదానా! మెతకదానివి అన్నాది నిన్ను. నువ్వేమో సర్టిఫికెట్టు ఇచ్చినట్ల సంబరపడతాండావు!"

ఆ రాత్రి అన్నం సయించలేదు. మెత్తన అని నేను అనుకున్నది మెతక అయిపోయింది. మన మాటల్లో ఆ రెండింటికీ ఎంత దూరం! ఆ ఇంగ్లీషు వాళ్ళు రెండింటినీ ఒకే మాటలో ఎట్లా పెట్టారో నాకు అంతుబట్టలేదు.

తరువాతి పాఠాలూ అట్లాగే జరిగాయి. సంక్రాంతి సెలవులు అయిపోయాక ఇంగ్లీషు టీచరు నన్ను తన గదికి పిలిచింది. కోపంగా లేదు. కుర్చీ చూపించి కూర్చోమంది.

"మీ పాఠం బాగుంటుందమ్మా. మీరు తయారై వచ్చినంతగా ఇంకెవరూ తయారై రారు. కాని అది వినబడదు. చివరి పరీక్షలో బయటినుంచి అధికారి వచ్చి క్లాసు వెనక కూర్చుంటారు. ఆయనకు మీ మాట వినబడకపోతే నేను చేయగలిగింది ఏమీ లేదు."

"నా గొంతు ఇంతేనండి" అన్నాను.

"ఏదో ఒకటి చేయండి" అంది ఆమె. ఆ మాటలో విసుగు లేదు. నాకు తోవ చూపించాలని ఉండి, చూపించలేకపోతున్నట్టు అనిపించింది.

ఆదోని పిల్లకు మాత్రం తోవ దొరికింది. "నీకు అరిసేది అలవాటు ల్యా. అంతే. నేను నేర్పిస్తా" అని నన్ను సాయంత్రాలు తుంగభద్ర ఒడ్డుకు తీసుకుపోవడం మొదలుపెట్టింది. నన్ను ఒక బండ మీద నిలబెట్టి, తను ఇసుకలో దూరంగా పోయి, అక్కడినుంచి చేతులు ఊపేది.

"మే! నన్ను తిట్టు! నోరారా తిట్టు!"

నేను ఊపిరంతా బిగబట్టి తిట్టేదాన్ని. ఏట్లో బట్టలుతికే ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. నీళ్ళలో నిలబడ్డ కొంగ కూడా కదిలేది కాదు. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఇనపడ్ల్యా! ఏమన్నావో ఏమో, మళ్ళా తిట్టు!" అని కేకేసేది. ఆ కేక విని కొంగలన్నీ లేచిపోయేవి. వారం తిరక్కుండానే నాకున్న కాస్త గొంతు కూడా పోయింది. మాట్లాడబోతే పొడి దగ్గు తప్ప ఇంకేమీ రాలేదు.

పాత ఊళ్ళో, కోట గోడ పక్క సందులో ఒక హకీము సాబు ఉండేవాడు. హాస్టలు పిల్లలకు జ్వరాలకూ దగ్గులకూ ఆయనే మందిచ్చేవాడు. నా గొంతులోకి తొంగి చూసి, అతిమధురం పొడి పొట్లం కట్టి చేతిలో పెట్టి, ఆదోని పిల్ల వైపు తిరిగి అన్నాడు.

"ఈమెను గమ్మున ఉండనీ బేటీ. నాలుగు దినాలు ఒక్క మాట గూడా వద్దు. ఇంక ఏటి కాడ తమాషాలు బందు."

ఆమె తల వంచుకుంది. దోవలో నా చెయ్యి పట్టుకుని, "నాదే తప్పు మే. నేను మంచికే చేస్తి" అని ఏడ్చింది. ఆమె ఏడుపు కూడా వీధంతా వినబడింది. నాకు మాట రాదు కాబట్టి వీపు నిమరడం తప్ప ఏం చేయలేకపోయాను.

మాట్లాడే పని లేదు కాబట్టి ఆ నాలుగు రోజులూ పుస్తకాల గదిలో కూర్చున్నాను. అక్కడ బల్ల మీద లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. అట్ట ఊడిపోతే గుడ్డతో కట్టారు. నన్ను కుంగదీసిన మాట సంగతేమిటో చూద్దామని తెరిచాను. ఒక వరసలో అయిపోతుందనుకున్నాను. ఆ మాట సగం పేజీ ఆక్రమించుకుని కూర్చుంది!

మెత్తని పరుపు సాఫ్ట్. నునుపైన గుడ్డ సాఫ్ట్. కంటికి గుచ్చుకోని రంగు సాఫ్ట్, కళ్ళు మిరుమిట్లు గొలపని వెలుతురు సాఫ్ట్. పిల్లతెమ్మెర సాఫ్ట్. జాలిపడే గుండె సాఫ్ట్. పెద్దగా ఒళ్ళు వంచక్కర్లేని ఉద్యోగం సాఫ్ట్. సగం ఉడికిన గుడ్డు సాఫ్ట్. గట్టిగా శిక్షించని అధికారి సాఫ్ట్. బుర్ర సరిగా పనిచేయనివాడు కూడా సాఫ్టే. అది చదివి, నన్ను వెతుక్కుంటూ వచ్చిన ఆదోని పిల్లకు వేలితో చూపించాను. ఆమె నా మొహం చూసి, "ఈ అర్థంలో మాత్రం నేనే సాఫ్ట్ మే, నువ్వు కాదు" అంది.

వాటి మధ్యలో ఒకటి నన్ను ఆపేసింది. నీళ్ళు సాఫ్ట్. నీళ్ళలో మెత్తనివి వేరుగా ఉంటాయా? గట్టి నీళ్ళంటే మంచుగడ్డలా? సైన్సు టీచరు దగ్గరికి పోయి కాగితం మీద రాసి అడిగాను. ఆమె చెప్పింది విని నాకు నవ్వొచ్చింది. సున్నం లాంటివి కలిసిన నీళ్ళు గట్టివట. వాటిలో సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. సాఫ్ట్ అంటే అవేవీ కలవని నీళ్ళు.

ఆ సంగతి మా వీధిలో ఎవరికి తెలియదు? మా బావి నీళ్ళు చవుడు. వాటిలో కందిపప్పు పొద్దంతా పొయ్యి మీద పెట్టినా బద్ద బద్దగానే ఉండేది. అందుకే అవ్వ, అమ్మ పెన్నలోకి పోయి, ఇసుకలో చెలమ తోడి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడుకుని బిందెల్లో మోసుకొచ్చేవాళ్ళు. ఆ నీళ్ళలో పప్పు పొంగు రాగానే కరిగిపోయేది. మేము వాటిని మంచి నీళ్ళు అన్నాం, ఇంగ్లీషువాళ్ళు మెత్తని నీళ్ళన్నారు. గట్టి నీళ్ళకు చేతకాని పని మెత్తని నీళ్ళు చేస్తాయి. తిరిగొచ్చి పుస్తకాల గదిలో ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు, ఆ మాట మీద నా కోపం పోయిందని గమనించాను. పైగా కాస్త గర్వం కూడా కలిగింది.

నాలుగు రోజులయ్యాక గొంతు కొద్దిగా తిరిగి వచ్చింది గాని, గుసగుస మాత్రమే. మోడల్ స్కూల్లో నా వంతు వచ్చింది. మానుకుంటే హాజరు పోతుంది. వెళ్ళాను. టీచరు నిలబడే అరుగు మీదినుంచి ఎంత చెప్పినా ఎవరికీ వినబడదని తెలుసు. అందుకని కిందికి దిగి, ముందు వరసలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని కథ చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి రెండో వరస ముందుకు వంగింది. వెనకనుంచి ఒకడు లేచొచ్చి నిలబడ్డాడు.

"ఏం చెప్తాండాది రా?"

"గమ్మునుండు! పులి బాయిలో పడిండాది!"

"ఎప్పుడు పడె?"

"ఇప్పుడే. నువ్వు అరుస్తాంటే ఇనపడ్ల్యా మాకు!"

గచ్చకాయలు ఆగిపోయాయి. టోపీలు తలల మీదికి చేరాయి. ఎవరన్నా దగ్గితే మిగిలినవాళ్ళు కళ్ళెర్ర చేశారు. ఆ గంటలో నేను ఒక్కసారి కూడా ఎవరినీ ఊరుకోమని అనలేదు. వాళ్ళను వాళ్ళే ఊరుకోబెట్టుకున్నారు. గంట కొట్టినప్పుడు ఒక్కరూ లేవలేదు. పులి బావిలోంచి బయటికి రాలేదు మరి.

ఆ రోజు హాస్టలుకు పరుగున వచ్చాను. నేను ఇన్నాళ్ళూ నా మాటను వెనక బెంచీ దాకా విసరాలని చూశాను. వెనక బెంచీనే నా దగ్గరికి రప్పించుకోవచ్చని తట్టలేదు. పరీక్ష పాఠానికి నేను వేరే విషయం తీసుకుని ఉన్నాను. దాన్ని మార్చేశాను. ఫస్టు ఫారం పిల్లలకు సాఫ్ట్ అన్న ఒక్క మాట నేర్పుతానని ఇంగ్లీషు టీచరుకు చెప్పాను.

ఆమె చేతిలో కలం పక్కన పెట్టింది. "ఒక్క మాటతో గంటంతా ఎట్లా నడుపుతారు?"

"చాలా ఉందండి ఆ మాటలో" అన్నాను.

"సరే. మీ ఇష్టం" అంది. అనుమానం ఆమె కళ్ళలో అట్లాగే ఉంది.

పరీక్ష రోజున పొద్దున్నే మా స్కూలు ప్రహరీ అవతల కొత్త గుడారాలు వేయడం మొదలైంది. ఏదో కచేరీకి చోటు చాల్లేదట. మేకులు నేలలో దిగగొట్టడానికి కూలీలు పెద్ద పెద్ద సమ్మెటలతో మోదుతున్నారు. ఎండకు బిగిసిన నేల. ఒక్కో మేకు దిగడానికి ఎన్ని దెబ్బలో! ప్రతి దెబ్బకూ మా కిటికీ రెక్కలు అదిరాయి.

పరీక్షాధికారి వచ్చాడు. నెరిసిన మీసాలు, జరీ అంచు తలపాగా, పొడుగు కోటు. వెనక గోడ పక్కన కుర్చీ వేశారు. ఆ చప్పుడులో ముందు పాఠాలు చెప్పినవాళ్ళంతా అరిచి అరిచి అలిసిపోయారు. టీచరు అరిస్తే పిల్లలూ అరిచారు. ఆదోని పిల్ల వంతు కూడా నాకు ముందే. ఆమె సమ్మెటల మీద గెలిచింది గాని, చివరికి ఆమె గొంతు కూడా బొంగురుపోయింది. బయటికి వస్తూ నా చెవిలో, "నా వల్లనే కాలేదు మే, నువ్వెట్ల చేస్తావో!" అంది.

నా వంతు వచ్చింది. నాయన నేసి పంపిన కొత్త చీర చేతిలో మడత విప్పకుండా ఉంది. గంజి పెట్టిన చీర, అట్టలా బిర్రుగా ఉంది. నల్లబల్ల మీద ఇంగ్లీషులో సాఫ్ట్ అని పెద్దగా రాశాను. తరువాత అరుగు దిగి, నేల మీద చాప పరిచి, కూర్చుని, పిల్లలను చేత్తో పిలిచాను.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పరీక్ష రోజున బెంచీ వదిలి రావచ్చా? ఇంగ్లీషు టీచరు ఏదో అనబోయి సగం లేచింది. పరీక్షాధికారి ఆమె వైపు చెయ్యెత్తి ఆపాడు. పిల్లలు బిలబిలా వచ్చి నా చుట్టూ మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు.

మొదట ఒక పిల్లను కొత్త చీర ముట్టుకోమన్నాను. తరువాత నేను రోజూ కట్టే ఉతికిన చీర. "ఇది గరగరమంటాండాది. ఇది మెత్తగా ఉండాది" అంది. "ఈ మెత్తనిదే సాఫ్ట్" అన్నాను. సద్ది రొట్టె ముక్క ఒకడి చేతికిచ్చి కొరకమన్నాను. పళ్ళు టక్కుమన్నాయి, అందరూ నవ్వారు. పొద్దున కాల్చిన జొన్నరొట్టె ముక్క ఇచ్చాను. నమిలి, మింగి, "సాఫ్ట్!" అని వాడే చెప్పాడు. ఎండిన రేగడి గడ్డ, తడిసిన రేగడి మన్ను చేతులు మారాయి. ఇంటికి పోతే తిట్లు పడతాయని ఎవరూ అనుకోలేదు.

తరువాత రెండు సీసాలు తీశాను. ఒకదాంట్లో హాస్టలు బావి నీళ్ళు, ఇంకోదాంట్లో తుంగభద్ర నీళ్ళు. చూపుకు రెండూ ఒకటే.

"వీటిలో ఏది సాఫ్ట్?" అని అడిగాను.

"నీళ్ళన్నీ మెత్తగానే ఉంటాయి గదా అయివారమ్మా?"

"చూద్దామా?" అని రెండింటిలో సబ్బు ముక్క వేసి ఇద్దరి చేతికిచ్చాను. ఇద్దరూ ఊపి ఊపి ఆపారు. బావి నీళ్ళు విరిగిన పాలలా తెల్లగా మారి ఊరుకున్నాయి. ఏటి నీళ్ళ సీసాలో నురగ మూత దాకా వచ్చింది. పిల్లలు ఒక్కసారి "హో" అన్నారు. సరిగ్గా అప్పుడే బయట సమ్మెట పడింది. నేను ఏదో చెబుతున్నానని గమనించి ఒక చిన్న పిల్ల, "ఉష్! ఇనండి" అంది. ఆ తరువాత నా చుట్టూ ఊపిరి తీస్తున్న చప్పుడు కూడా వినబడలేదు. సమ్మెటలు మోగుతూనే ఉన్నాయి. మా చాప మీద మాత్రం నా మాట ఒక్కటే ఉంది.

అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడైంది. తల తిప్పి చూస్తే, పరీక్షాధికారి లేచి వస్తున్నాడు. నేను చెబుతున్నది ఆపేశాను.

"మీరు ఆపకండమ్మా. నాకక్కడికి వినబడడం లేదు, ముందుకొస్తాను" అని, పిల్లల వెనక బెంచీ లాక్కుని కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగాడు. ఆయన వెనకే ఇంగ్లీషు టీచరు కూడా వచ్చి కూర్చుంది.

రంగులు అయ్యాయి, గాలి అయింది, గుండె అయింది. "ఇప్పుడు నేను మాట్లాడుతున్నానే, ఈ గొంతును కూడా సాఫ్ట్ వాయిస్ అంటారు" అన్నాను. అప్పుడు నురగ సీసా పట్టుకున్న బక్కపల్చటి పిల్లవాడు చెయ్యెత్తాడు. ఎప్పుడూ దెబ్బలు తిని ఏడ్చుకుంటూ వచ్చేవాడు వాడు.

"మెతకోళ్ళను గూడా సాఫ్టే అంటారా అయివారమ్మా? మా నాయన నన్ను మెతకోడు అంటాడు."

నేను ఆ ప్రశ్నకు తయారై రాలేదు.

"అంటారు. ఆ అర్థం కూడా ఉంది" అన్నాను. "ఇన్ని అర్థాలు చూశాం కదా. నీకు ఏ సాఫ్ట్ కావాలో నువ్వే చెప్పు."

వాడు కళ్ళు పైకెత్తి ఆలోచించాడు. అందరూ వాడి వైపు తిరిగారు. చివరికి చేతిలో ఉన్న సీసా పైకెత్తి, "నాకు నీళ్ళ సాఫ్ట్ కావాల. నురగొచ్చేది దీంట్లోనే గదా!" అన్నాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. పరీక్షాధికారి తలపాగా కదిలేలా నవ్వాడు. గంట కొట్టాక ఆయన తానే నల్లబల్ల దగ్గరికి పోయి, పిల్లలను ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో చెప్పమన్నాడు. వాళ్ళు వరసగా చెప్పారు. రొట్టె సాఫ్ట్, మన్ను సాఫ్ట్, నీళ్ళు సాఫ్ట్. ఒక్కరూ తడబడలేదు. ఆయన నా వైపు తిరిగి, "పొద్దున్నుంచి ఈ గదిలో ఒక పాఠమంటూ వినబడింది ఇప్పుడేనమ్మా" అన్నాడు.

బయటికి వచ్చేసరికి ఆదోని పిల్ల కిటికీ దగ్గర నిలబడి ఉంది. అంతా చూసింది. నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. బొంగురు గొంతుతోనే అరిచి హాస్టలంతా చెప్పింది. మరుసటి రోజు ఇంగ్లీషు టీచరు మా తరగతి అందరి ముందు నన్ను నిలబెట్టింది. నిన్నటి పాఠం మళ్ళీ చెప్పమని, వాళ్ళ వైపు తిరిగి, "నేను చెప్పలేకపోయిన తోవ ఈమె కనుక్కుంది. రాసుకోండి" అంది. నేను చాప పరిచాను. పెద్దపెద్ద పిల్లలంతా, ఆమెతో సహా, చుట్టూ కూర్చున్నారు.

మామిడిపళ్ళ కాలంలో ఫలితాలు వచ్చాయి. పాఠం చెప్పడంలో మా బ్యాచికంతా నాకే మొదటి స్థానం. ఆ సాయంత్రం ఆదోని పిల్ల బనగానపల్లె పళ్ళు గంప నిండా కొనుక్కొచ్చింది. ఏటి ఒడ్డున కూర్చుని మోచేతుల దాకా రసం కారేలా తిన్నాం.

ఉద్యోగం రాయచోటి దగ్గర ఒక పల్లెలో వచ్చింది. నాయన నా పెట్టె నెత్తిన పెట్టుకుని తోడొచ్చాడు. బస్సులో పక్కన కూర్చున్న ప్రతి మనిషికీ, అడిగినా అడగకపోయినా, "మా పాప అయివారమ్మ. ఉద్యోగానికి పోతాండాది" అని చెప్పాడు. ఆ ఊరికి ఆడ టీచరు రావడం అదే మొదలు. బడి తలుపు తెరిచేసరికి పిల్లలతో పాటు తల్లులు కూడా గడప దగ్గర గుంపుగా నిలబడ్డారు. అంతవరకూ బడి మొహం చూడని ఆడపిల్లలను ఆ రోజే చేతులు పట్టుకుని లోపలికి తోశారు. చాప చాలక పక్కింటినుంచి గోనె సంచులు తెచ్చి పరిచాం. నాయన సాయంత్రం బస్సుకు తిరిగి పోవలసినవాడు. బడి వరండాలో తువ్వాలు పరుచుకుని అక్కడే ఉండిపోయి, మర్నాడు పాఠం కూడా చివరిదాకా విని గాని బయల్దేరలేదు.